గీత పడ్డ చోట

ట్రియెస్టేలో బోరా గాలి లేచిన రోజు
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు, మనుషులు పట్టుకు నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వెళ్ళాను లీవియో ఇంటికి,
కోటు లోపల సీసా, చెవుల్లో సముద్రం.

లీవియో రేవులో క్రేను నడిపినవాడు.
ముప్పై ఏళ్ళు ఊరివాళ్ళ బరువులు ఎత్తి దించి
తనకంటూ ఎత్తి పెట్టుకున్నది ఈ ఒక్క గోడ.
గోడంతా డిస్కులు. అక్షర క్రమం లేదు.
ఏ దర్శకుడు ఎవరి పక్కన పోట్లాడకుండా కూర్చుంటాడో
అదే వాటి క్రమం.

కింది అంతస్తు జోరా అప్పటికే వచ్చి ఉంది,
స్లొవీన్ బడిలో లెక్కలు చెప్పే పిల్ల.
"నెలకి ఆరు కాఫీల డబ్బు, నాలుగు వేల సినిమాలు,
దుమ్ము దులిపే పని లేదు" అంది, లాప్‌టాప్ తెరుస్తూ.
"నీళ్ళ మీద రాత" అన్నాడు లీవియో.
"నేను పోతే ఇవి ఎవరో ఒకరు మోసుకుపోతారు.
నువ్వు పోతే పోయేది పాస్‌వర్డు."

ఆ పడవవాడి భార్య సినిమా
ఇరవై రెండేళ్ళుగా ఏటా చలికాలంలో ఒకసారి చూస్తాం.
డెబ్బై ఒకటో నిమిషంలో ఆమె తలుపు మీద చెయ్యి వేస్తుంది.
వెంటనే నది.
తెల్లగా, పడవ లేకుండా.
తలుపు తెరుచుకోదు. ఏడుపు లేదు.
ఆ ఒక్క దూకుడు మీద ఎన్ని రాత్రులు వాదించుకున్నాం!
సినీ క్లబ్బులో నేను పదకొండు పేజీలు చదివాను,
దుఃఖాన్ని చూపించకుండా దాటేసిన కత్తెర గురించి.
వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఆ రాత్రి మొదటిసారి జోరా తెర మీద చూశాం.
మరకలన్నీ కడిగేశారు,
ఆమె స్వెట్టర్ కుట్లు లెక్కపెట్టొచ్చు.
డెబ్బై ఒకటో నిమిషం.
తలుపు మీద చెయ్యి వేసింది.
తెరిచింది!
లోపలికొచ్చి, పీట లాక్కుని కూర్చుని
బంగాళాదుంప చెక్కు తీయడం మొదలుపెట్టింది.
రెండు నిమిషాల పది సెకన్లు.
మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చింది.
చెక్కు ఎక్కడా తెగకుండా
ఒకే రిబ్బనులా మోకాలి దాకా వేలాడింది.
అప్పుడు, నది.

కిటికీ రెక్క కొట్టుకుంటోంది. ఎవరూ లేవలేదు.
చాలాసేపటికి లీవియో తన డిస్కు తీసి
దీపం కింద వంచి చూశాడు.
గోరుతో గీరినట్టు, సన్నగా, ఒక గీత.
అద్దె దుకాణం మూతపడ్డప్పుడు కొన్న పాత సరుకు.
అట్ట మీద నిడివి రాసే ఉంది. ఎవరు చూశారు?
ఏ ఇంట్లోనో ఏ పిల్లవాడో నేల మీద ఈడ్చి ఉంటాడు;
నా పదకొండు పేజీలూ వాడి మీద రాసినవి.

జోరా నవ్వలేదు. అందుకే ఆమె నాకు నచ్చింది.
"మీ గీతే బాగుందేమో" అంది.
"బాగుండడం కాదు" అన్నాడు లీవియో,
"ఇరవై రెండేళ్ళు ఆమెను వంట చేసుకోనివ్వలేదు నేను."

నెల మారింది.
జోరా మెట్లెక్కి వచ్చి, అద్దం పగలగొట్టిన పిల్లలా
గుమ్మంలో నిలబడింది.
సినిమా తీసేశారట. ఒప్పందం గడువు తీరిందట.
నేను లీవియో ముఖం చూశాను, "చెప్పానా" అంటాడని.
అనలేదు. కుర్చీ చూపించి, డిస్కు పెట్టాడు.

డెబ్బై ఒకటో నిమిషం.
ఆమె చెయ్యి తలుపుని తాకిన చోట ఆపేశాడు.
వంటింట్లోకి వెళ్ళి
ఒక దుంప, చిన్న చాకు తెచ్చుకుని కూర్చున్నాడు,
ఆ తెర వెలుతురులోనే.
జోరా గడియారం చూస్తోంది.
క్రేను మీటలకి అలవాటైన వేళ్ళు,
చెక్కు మూడుచోట్ల తెగింది.
"టైమయింది" అంది జోరా.
"ఇంకా సగం ఉంది" అన్నాడు.
ఉండనిచ్చాం.

తర్వాత నది చూశాం.
లోపల పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు,
సినిమాలోదో, ఇంట్లోదో.